తడిసిన తోలును ఎండలో పెట్టకండి

జుమా నమాజు వేళ ఏ మసీదు ముందు చూసినా వందల జతల పాదరక్షలు కనిపిస్తాయి. వాటిలో రబ్బరువి, ప్లాస్టిక్‌వి ఎక్కువ. అక్కడక్కడా తోలు చెప్పులు, బూట్లు ఉంటాయి. ఆ తోలు జతల్ని కాస్త పరికించి చూడండి. బొటనవేలి దగ్గర పట్టీ మీద తెల్లని చారలు, మడమ దగ్గర చిట్లిన అంచులు, రేకులా బిగుసుకుపోయిన అట్టలు. వెయ్యో, రెండు వేలో పోసి కొన్న జత ఏడాది తిరక్కుండానే ఆ స్థితికి వస్తుంది. "ఈ రోజుల్లో తోలులో నాణ్యత ఎక్కడుంది!" అని నిట్టూర్చి మరో జత కొంటారు. చాలాసార్లు లోపం తోలులో ఉండదు, వాడే తీరులో ఉంటుంది.

తోలు చెప్పులతోనే వజూ చేసేచోటికి వెళతారు. కాళ్ళు కడుక్కునేటప్పుడు చెప్పులు తడిసి ముద్దవుతాయి. ఆ తడి చెప్పుల్ని మసీదు మెట్ల మీద ఎర్రటి ఎండలో విడిచి లోపలికి వెళతారు. నమాజు ముగించి వచ్చేసరికి అవి వేడెక్కి ఉంటాయి. ఇలా జుహర్‌కు, అసర్‌కు రోజూ జరుగుతూనే ఉంటుంది. తోలు అప్పుడప్పుడూ తడిసినా తట్టుకుంటుంది, పొడి తోలు కాసేపు ఎండనూ తట్టుకుంటుంది. తడిసిన వెంటనే తగిలే వేడిని మాత్రం తట్టుకోలేదు. ఈ ఒక్క విషయం మనసులో నాటుకుంటే తోలు సంరక్షణలో సగం నేర్చుకున్నట్టే.

తోలుకు మెత్తదనం ఎలా వస్తుంది?

పశువుల చర్మాలతో మనిషి తేలికగా మోసుకుపోగల గుడారాలు చేసుకోవడాన్ని దివ్య ఖురాన్ అల్లాహ్ అనుగ్రహాల్లో ఒకటిగా నహ్ల్ సూరా 80వ ఆయతులో గుర్తుచేస్తుంది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ మైమూనా (రజి) ఇంటి సేవకురాలికి దానంగా వచ్చిన మేక ఒకటి చనిపోతే, దాని తోలును ఎందుకు ఉపయోగించుకోలేదని దైవప్రవక్త (స) అడిగారనీ, నిషిద్ధమైంది దాన్ని తినడమేనని వివరించారనీ బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. పనికొచ్చే వస్తువును వృథాగా పారేయకూడదన్న బోధ ఇందులో ఉంది. ఇక్కడ దబాగత్, అంటే తోలును శుద్ధి చేయడం, ముఖ్యమైన విషయం.

పచ్చి చర్మాన్ని అలాగే వదిలేస్తే కుళ్ళిపోతుంది, ఎండబెడితే చెక్కలా బిగుసుకుంటుంది. చర్మంలో సన్నని పోగులు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి. వాటిని కుళ్ళిపోకుండా స్థిరపరచడమే చర్మశుద్ధి. మన ప్రాంతాల్లో ఇందుకు పూర్వం నుంచీ తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వాడేవారు. బతుకమ్మకు పూలిచ్చే ఆ తంగేడే దక్షిణాది తోళ్ళ పరిశ్రమకు చెక్కనూ ఇచ్చింది. తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట పట్టణాలు ఈ పరిశ్రమకు పేరు పడ్డాయి. అక్కడి తోళ్ళ వ్యాపారంలో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తోళ్ళ మీద పరిశోధన కోసం మద్రాసులో 1948లో కేంద్ర తోలు పరిశోధన సంస్థను స్థాపించారు. నేడు బూట్లకు వాడే తోలులో అత్యధిక భాగం చెట్టు చెక్కతో కాక క్రోమియం లవణాలతో శుద్ధి చేసిందే.

ఏ పద్ధతిలో శుద్ధి చేసినా చివరికి తోలుకు నూనె పట్టిస్తారు. ఆ నూనె పోగుల మధ్య చేరి అవి ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. తోలు వంగినా విరగకపోవడానికి కారణం అదే. తోలు పదేపదే తడిసి వేడికి ఎండినప్పుడు ఆ నూనె తగ్గిపోతుంది, పోగులు దగ్గరికి చేరి బిగుసుకుంటాయి. చెమటలో, బోరు నీటిలో ఉండే ఉప్పు పైకి వచ్చి తెల్లని చారలుగా మిగులుతుంది. తర్వాత వంగినచోటల్లా సన్నని బీటలు పడతాయి. బీట పడ్డ తోలును ఏ పాలిషూ మళ్ళీ అతికించలేదు. సంరక్షణ అంతా బీట పడకముందు చేయాల్సిందే.

అసలు తోలేనా?

ముందు మన దగ్గరున్నది తోలో కాదో తెలుసుకోవాలి. బజారులో తోలుగా చెలామణి అయ్యే చాలా వస్తువులు రెక్సిన్‌తోనో, గుడ్డ మీద పాలియురేథేన్ పూతతోనో చేసినవి. కత్తిరించిన అంచును చూడండి. అసలు తోలు అయితే అంచులో పీచుపీచుగా పోగులు కనిపిస్తాయి. కృత్రిమమైనది అయితే కింద గుడ్డ అల్లిక, పైన ప్లాస్టిక్ పొర విడివిడిగా తెలుస్తాయి. ఆ పొర గాలిలోని తేమకు కొన్నేళ్ళలో తానే పొలుసులుగా ఊడిపోతుంది. దానికి ఎంత నూనె రాసినా ఉపయోగం లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

విదేశాల నుంచి బంధువులు తెచ్చే బూట్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. కొన్ని బూట్లకు లోపలి అస్తరుగా పంది తోలు వాడతారు. శుద్ధి చేసినా పంది తోలు పరిశుద్ధం కాదని ఇస్లామీయ న్యాయవేత్తల్లో అత్యధికులు చెప్పారు. అస్తరును వెలుతురులో దగ్గరగా చూస్తే, పంది తోలు మీద రోమ రంధ్రాలు మూడేసి చొప్పున త్రికోణాకారంలో గుంపులుగా కనిపిస్తాయి. ఆవు, గేదె, మేక తోళ్ళ మీద ఆ అమరిక ఉండదు. పైన రంగు పూత దట్టంగా ఉంటే ఇది కనిపించకపోవచ్చు. అందువల్ల కొనేటప్పుడే బూటు నాలుక వెనుక, పెట్టె మీద ఉండే వివరాలు చదవడం మంచిది.

తడిస్తే ఏం చేయాలి?

మొదట పొడి నూలుగుడ్డతో అద్దండి, రుద్దకండి. బూట్ల లేసులు విప్పి, లోపలి అట్ట ఊడేదైతే తీసి విడిగా ఆరబెట్టండి. లోపల కాగితం ఉండలు చుట్టి కుక్కండి. అవి తేమను పీల్చుకుంటాయి, బూటు ఆకారాన్నీ నిలుపుతాయి. గంట, రెండు గంటలకు తడిసిన కాగితం తీసి పొడిది పెట్టండి. ఇక్కడ ఒక మనవి. ఇందుకు ఈ పేజీనిగానీ, అల్లాహ్ నామం, ఆయతులు ఉన్న ఏ కాగితాన్నిగానీ వాడకండి. ఏమీ ముద్రించని కాగితమైతే అస్తరుకు సిరా మరక కూడా అంటదు.

తర్వాత నీడలో, గాలి తగిలేచోట ఉంచండి. ఫ్యాను కింద పెట్టవచ్చు. ఎండ, పొయ్యి పక్క, ఇస్త్రీపెట్టె, జుట్టు ఆరబెట్టే యంత్రం, ఎండలో నిలిపిన స్కూటరు డిక్కీ మాత్రం వద్దు. బాగా తడిసిన బూటు ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తొందరపడితే నష్టం మనదే. పూర్తిగా ఆరాక పలుచగా క్రీము రాస్తే కోల్పోయిన మెత్తదనం కొంత తిరిగివస్తుంది.

అసలు తడవకుండా చూసుకోవడం అన్నిటికన్నా తేలిక. వజూ చేసేచోటికి రబ్బరు చెప్పులు వేసుకుని, తోలు జతను పొడిగా ఉన్నచోట విడవండి. మసీదు కమిటీలు వజూ చేసేచోట నాలుగైదు జతల రబ్బరు చెప్పులు ఉంచి, చెప్పుల అరకు ఒక రేకు నీడ వేయిస్తే నమాజీలందరికీ మేలు చేసినవారవుతారు. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

వారానికి పావుగంట

ఎక్కువగా వాడే జతకు వారానికొకసారి పావుగంట కేటాయిస్తే చాలు. గురువారం రాత్రి జుమాకు బట్టలు సిద్ధం చేసుకునేటప్పుడే ఈ పనీ పెట్టుకోవచ్చు. పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి. కుట్ల సందుల్లో చేరిన ఇసుక గరుకు కాగితంలా దారాన్ని కోస్తుంది కాబట్టి అక్కడ శ్రద్ధగా దులపాలి. తర్వాత తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. బట్టల సబ్బు, సర్ఫు నీళ్ళు వాడకండి, అవి తోలులోని నూనెను లాగేస్తాయి. ఆరాక బఠాణీ గింజంత క్రీము మెత్తని గుడ్డతో పలుచగా పట్టించి, పది నిమిషాలాగి బ్రష్షుతో రుద్దండి.

క్రీముకూ, డబ్బా పాలిషుకూ తేడా ఉంది. క్రీము తోలులోకి ఇంకి మెత్తదనాన్నిస్తుంది. మైనంతో చేసే డబ్బా పాలిషు పైన పొరలా నిలిచి మెరుపునిస్తుంది, నీటి చుక్కల్ని కొంతవరకు ఆపుతుంది. ముందు క్రీము, తర్వాత పాలిషు అన్నది సరైన వరుస. స్పాంజితో రాసే ద్రవ పాలిషు తక్షణ మెరుపునిచ్చినా, రోజూ వాడితే దాని పొర దళసరిగా పేరుకుని మడతల దగ్గర చిట్లుతుంది. నూగులాంటి పైభాగం ఉండే స్వేడ్ తోలుకు మాత్రం క్రీము, మైనం రెండూ పనికిరావు. పొడి బ్రష్షే దానికి మందు.

ఒకే జతను రోజూ వేసుకోకుండా రెండు జతల్ని మార్చి మార్చి వేసుకోవడం మంచిది. పాదం చెమట రోజంతా లోపలి తోలులోకి ఇంకుతుంది. అది ఆరడానికి ఒక్క రాత్రి సరిపోదు, ఒక రోజు విశ్రాంతి కావాలి.

ఏ నూనె రాయాలి?

పల్లెల్లో పెద్దలు కిర్రు చెప్పులకు ఆముదం పట్టించేవారు. చెట్టు చెక్కతో శుద్ధి చేసిన దళసరి తోలుకు అది తగిన పనే. కొల్హాపురీ రకం చెప్పులకు నేటికీ రెండు మూడు చుక్కల ఆముదం గుడ్డకు అద్ది రాయవచ్చు. ముందుగా కనిపించనిచోట రాసి చూడాలి, ఎందుకంటే నూనెతో తోలు రంగు కాస్త ముదురుతుంది. నూనె ఎక్కువైతే తోలు వదులై సాగుతుంది, దుమ్ము పట్టేస్తుంది, చివరికి బట్టలకు మరకలు అంటిస్తుంది. పైన రంగుపూత ఉన్న నగిషీ బూట్లకు వంటింటి నూనెలు వద్దు. వాటికి క్రీమే తగినది. ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలిస్తే పూత ఉన్న తోలు, వెంటనే ఇంకితే పూత లేని తోలు.

దుకాణాల్లో దొరికే విదేశీ తోలు నూనెల్లో కొన్ని మింక్ అనే మాంసాహార జంతువు కొవ్వుతోనూ, కొన్ని పశువుల కాళ్ళ ఎముకల కొవ్వుతోనూ చేసినవి. డబ్బా మీద ఏముందో చదివి, సందేహం ఉంటే ఉలమాను అడగండి. తేనెమైనంతో, వృక్ష సంబంధమైన మైనాలతో చేసినవాటిని ఎంచుకుంటే ఆ సందేహమే ఉండదు.

ఖుఫైన్ విషయంలో

చలికాలంలో వృద్ధులు, ప్రయాణికులు తోలు మేజోళ్ళు, అంటే ఖుఫైన్ వాడుతుంటారు. అబిసీనియా రాజు నజాషీ కానుకగా పంపిన నల్లని ఖుఫైన్‌ను దైవప్రవక్త (స) ధరించారని హదీసు గ్రంథాల్లో ఉంది. వజూతో తొడుక్కున్నవారు తర్వాతి వజూల్లో కాళ్ళు కడగడానికి బదులు వాటి పైన తడి చేతివేళ్ళతో మసహ్ చేస్తే సరిపోతుంది. ఈ వెసులుబాటు ఊళ్ళో ఉండేవారికి ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణికులకు మూడు పగళ్ళు మూడు రాత్రులు.

ఈ వస్తువును కాపాడుకోవడం కేవలం డబ్బు సంగతి కాదు. హనఫీ మజ్‌హబ్ ప్రకారం ఖుఫ్ చిరిగి కాలి చిన్నవేళ్ళు మూడింటి మేర పాదం బయటపడితే దాని మీద మసహ్ చెల్లదు. షాఫయీ మజ్‌హబ్‌లో ఇంకా కచ్చితమైన నియమం ఉంది, చిరుగు చిన్నదైనా పాదం కనిపిస్తే చాలు. కాబట్టి వారానికోసారి వేళ్ళ దగ్గర, మడమ దగ్గర, కుట్ల వెంట చెయ్యి లోపల పెట్టి వెలుతురుకేసి చూడాలి. మసహ్ తడి కొద్దిపాటిదే కాబట్టి తోలుకు హాని చేయదు, పొడి గుడ్డతో ఒకసారి అద్దితే చాలు. హాని చేసేది లోపలి చెమట. గడువు ముగిసి విప్పాక మడిచి పెట్టెలో పెట్టకుండా నోరు తెరచి గాలికి ఉంచండి. గచ్చు మీద, రాళ్ళ మీద ఉత్త ఖుఫైన్‌తో నడవకుండా పైన చెప్పులు వేసుకోండి. జిప్పు బిగుసుకుంటే బలంగా లాగకండి, కొవ్వొత్తి మైనం పళ్ళ మీద రుద్దితే జారుతుంది. బట్టల యంత్రంలో వేయడం మాత్రం ఎన్నడూ చేయకండి.

గడియారం, బెల్టు, జాకెట్

గడియారానికి తోలు పట్టీ ఉంటే వజూకు ముందే విప్పి జేబులో వేసుకోండి. పట్టీ కింది చర్మానికి నీరు చేరడం వజూకు అవసరం, నీరు తగలకపోవడం పట్టీకి అవసరం. విప్పితే రెండూ నెరవేరుతాయి. బెల్టును ప్యాంటుకే వదిలి మడతపెట్టకండి. బకిలు పట్టి కొక్కేనికి వేలాడదీయండి, లేదా వదులుగా చుట్టి పెట్టండి. పర్సులో రసీదులు, కార్డులు కుక్కితే కుట్లు తెగుతాయి.

గల్ఫ్ నుంచి కొడుకు పంపిన తోలు జాకెట్ మన ఎండలకు ఏడాదిలో పది నెలలు బీరువాలోనే ఉంటుంది. దాన్ని సన్నని తీగ హ్యాంగరుకు వేస్తే భుజాలు పొడుచుకొస్తాయి. వెడల్పాటి హ్యాంగరుకు వేసి, ప్లాస్టిక్ సంచి బదులు పాత నూలు దుప్పటి కప్పండి. ప్లాస్టిక్‌లో తేమ బందీ అయి బూజు పడుతుంది. అత్తరు, సెంటు తోలు మీద పడనివ్వకండి, ఆ నూనె మరక పోదు.

వానకాలంలో బీరువాలోని తోలు వస్తువుల్ని పదిహేను రోజులకోసారి బయటకు తీసి గాలికి పెట్టాలి. బూజు కనిపిస్తే ఇంటి లోపల దులపకండి, అది ఇతర వస్తువులకూ అంటుకుంటుంది, ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది కలిగిస్తుంది. ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి. సగం నీళ్ళు, సగం సిర్కా కలిపిన ద్రవంలో మరో గుడ్డను ముంచి గట్టిగా పిండి తుడిచి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి క్రీము రాయండి. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా బీరువాలో ఉంచితే తేమను పీల్చుతాయి. అయితే పిల్లలకు అందనివ్వకండి.

పాదాల క్షేమం

తోలు బిగుసుకుపోతే నష్టపోయేది చెప్పు ఒక్కటే కాదు. ఎండి గట్టిపడిన పట్టీ చర్మాన్ని ఒరుస్తుంది. మధుమేహం ఉన్నవారికి కాళ్ళలో స్పర్శ తగ్గి ఆ ఒరుపు తెలియదు. చిన్న బొబ్బ పుండుగా మారి నెలల తరబడి మానకపోవచ్చు, కొందరికి వేలు తీసేయాల్సిన పరిస్థితీ వస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలకు చక్కెర వ్యాధి ఉంటే, వారి చెప్పుల లోపల రోజూ చెయ్యి పెట్టి తడిమి చూడండి. పైకి వచ్చిన మేకు మొన, ముడుచుకున్న అస్తరు, గట్టిపడిన అంచు ఏది తగిలినా ఆ జతను బాగుచేయించేవరకు వేయనివ్వకండి. తల్లిదండ్రుల సేవలో ఇదీ ఒక భాగమే.

హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళేవారికీ ఇదే మాట. ఇహ్రాంలో పురుషులు ఖుఫైన్, బూట్లు వేసుకోకూడదు కాబట్టి చెప్పులే ధరించాలి. అక్కడ రోజూ మైళ్ళకొద్దీ నడవాలి. ప్రయాణం ముందురోజు కొన్న కొత్త తోలు చెప్పులతో విమానం ఎక్కితే బొబ్బలు తప్పవు. కనీసం మూడు వారాల ముందే కొని, మొదట ఇంట్లో అరగంట, తర్వాత బజారుకు, ఇలా కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోండి.

మోచీ దగ్గరికి సకాలంలో

కుట్టు ఒక అంగుళం ఊడినప్పుడు పోతే ఐదు నిమిషాల పని. నెల ఆగితే కొత్త అట్ట వేయాలి. మడమ ఒక పక్కకు అరిగినప్పుడే చిన్న ముక్క వేయిస్తే నడక వంకరపోదు, మోకాళ్ళ మీద భారం పడదు. వీధి మలుపులో గొడుగు కింద కూర్చునే మోచీ చేతిలో తరాల నైపుణ్యం ఉంది. వేలు పోసి కొన్న బూటుకు మరో రెండేళ్ళ ఆయుష్షు ఇచ్చే ఆ చేతికి అడిగిన కూలి ఇవ్వడం న్యాయం. దుకాణంలో బేరం లేకుండా బిల్లు కట్టి, ఎండలో కూర్చున్నవాడితో పది రూపాయలకు గీచులాడటం మనకు శోభనివ్వదు. ఈ పనిని తక్కువగా చూసేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. దైవప్రవక్త (స) ఇంట్లో తన చెప్పులు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు.

ఒక పశువు తన ప్రాణమిస్తే తోలు వస్తుంది. దాన్ని శుద్ధి చేసినవారు, కత్తిరించినవారు, కుట్టినవారు తమ శ్రమనిచ్చారు. అలాంటి వస్తువు నిర్లక్ష్యం వల్ల ఏడాదికే చెత్తకుండీ పాలవడం కూడా ఇస్రాఫే, అంటే దుబారాయే. పిల్లలకు వారి స్కూలు బూట్లు వారే తుడుచుకోవడం నేర్పండి. ఒక బ్రష్షు, ఒక పాత నూలుగుడ్డ, ఒక క్రీము డబ్బా, కాస్త నీడ. ఏ ఇంటికైనా ఈపాటివి సమకూర్చుకోవడం భారం కాదు.